తెల్లవారుజాము నాలుగింటి నీళ్లు

పాత ఇనప బీరువాలో, మా ఆవిడ పట్టుచీరల కింది అరలో, నావి పదకొండు నోటుబుక్కులున్నాయి. ఉప్పుగాలికి అట్టలు ఉబ్బి, అంచులు తుప్పురంగుకి తిరిగాయి. ఏ పేజీ తీసినా నాలుగు గళ్లు: పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, తెల్లవారుజాము నాలుగు. గడికో అంకె. 29. 30.5. 28.5. మా అబ్బాయి ఓసారి తిరగేసి “ఎవరికి నాన్నా ఇన్నాళ్లు జ్వరం?” అన్నాడు. వాడు సరదాకి అన్నా ఆ మాటలో తప్పేం లేదు. అవన్నీ నీళ్ల వేడి లెక్కలు. ఆ నీళ్లలో ఉన్నవాళ్లు ట్యాంకుకి ఐదు లక్షల మంది. పుట్టిన రోజున ఒక్కొక్కరూ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండరు.

నీలకంఠం రొయ్య పిల్లల సంగతి చెబుతున్నాను. మంచినీటి రొయ్య అన్నా, స్కాంపి అన్నా అదే. 1997 నుంచి పదకొండేళ్లు నెల్లూరు తీరంలో గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే ఒక హేచరీలో రాత్రి డ్యూటీ టెక్నీషియన్‌గా వాటికి కాపలా కాశాను. శిక్షణ తరగతుల్లో ఈ రొయ్య పెంపకం చరిత్ర అంటే ఉప్పు కథే చెబుతారు. మంచి కథే, నేనూ చెబుతాను. కానీ నాకు జీతమిచ్చింది ఉప్పు చూసినందుకు కాదు. ఉప్పు ఒకసారి కలిపితే కలిసినట్టే, మళ్లీ నీళ్లు మార్చేదాకా దాని జోలికి పోనక్కర్లేదు. వేడి అలా కాదు. అది పూటపూటకీ జారిపోతూ ఉంటుంది, ముఖ్యంగా మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళకి.

మాది కోటిపల్లి దిగువన లంక. మా తాత గౌతమి పాయలో మావులు పెట్టేవాడు. వెదురు బద్దలతో అల్లిన మావులో తౌడుముద్ద పెట్టి పొద్దుగూకగానే దించి వస్తే, తెల్లారేసరికి లోపల చప్పుడు వినిపించేది. మగ నీలకంఠానికి ఒంటికంటే పొడుగు చేతులు, ముదురు నీలం. శాస్త్రం కూడా ఆ చేతుల్ని చూసే పేరు పెట్టింది. మాక్రోబ్రాకియం అంటే పెద్ద చెయ్యి అనే. 1879లో డచ్చి శాస్త్రజ్ఞుడు డి మాన్ దీన్ని వర్ణించి రోజెన్‌బర్గీ అని తగిలించాడు. మనవాళ్లు మాత్రం చేతుల్లో ఉన్న నీలాన్ని కంఠానికి ఎక్కించి శివుణ్ని చేశారు. ఎలా ఎక్కించారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, మా తాతని అడిగితే “నువ్వు తినేటప్పుడు కంఠమే కదరా ముందు తగిలేది” అన్నాడు.

గోదారికి ఎర్రనీరు తగిలాక పులస సముద్రం నుంచి పైకి ఎదురీదుతుందని అందరికీ తెలుసు. అదే రోజుల్లో నీలకంఠం తల్లులు కిందికి దిగుతాయని లంకల్లో వాళ్లకే తెలుసు. పొట్ట కింద కాళ్ల మధ్య నారింజ రంగు గుడ్ల గుత్తి పట్టుకుని, పురిటికి పుట్టింటికి బయల్దేరిన ఆడపిల్లలా, ఉప్పునీరు కలిసే మొగ వైపు పోతాయి. ఆ గుడ్లు ఒకటీ రెండూ కాదు, బాగా ఎదిగిన తల్లి దగ్గర ఎనభై వేల నుంచి లక్ష దాకా ఉంటాయి. “గుడ్డు తల్లిని పట్టకూడదురా” అనేవాడు తాత. అనేవాడు గానీ పట్టేవాడు. చలికాలం వచ్చిందంటే మావులు ఖాళీ. “రొయ్య ముడుచుకు పడుకుంటది, ఆకలెయ్యదు దానికి” అని మావులు చూరుకి వేలాడగట్టేవాడు. నేను తర్వాత బి.ఎస్సి.లో జువాలజీ చదివాను, హేచరీలో థర్మామీటరు పట్టుకున్నాను, పెద్దపెద్ద వాళ్ల ఉపన్యాసాలు విన్నాను. తాత ఆ చూరు కింద చెప్పినదానికి అంకెలు కలిశాయి, అంతకుమించి పెద్దగా కలిసిందేం లేదు.

పిల్లలు పైకి వచ్చే దారి కూడా ఆయన చూసినదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అంతకుముందు పిల్ల రొయ్యకి గోదారి పొడుగునా దారి తెరిచి ఉండేది. ఆనకట్ట కింద రాత్రిళ్లు పిల్లలు గుంపులు కట్టి, నీళ్లు జారే తడిగోడ పట్టుకుని ఎగబాకుతాయని పడవ వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఇవి తడి ఉంటే చాలు, నిలువు గోడైనా ఎక్కుతాయి, గట్టు దాటి గడ్డిలో కూడా పాకుతాయి. ఆనకట్ట దగ్గర ఎక్కువగా కనిపించేది నీలకంఠం కాదు, దాని దాయాది మాల్కమ్‌సోనియై. కె.హెచ్. ఇబ్రహీం అనే శాస్త్రజ్ఞుడు 1962లో గోదావరి మీద దాని గురించి రాసిన వ్యాసం మా కాలేజీలో ఒక మేష్టారి దగ్గర ఉండేది.

ఇక ఉప్పు కథ. 1960ల మొదట్లో మలేషియాలోని పెనాంగ్‌లో షావోవెన్ లింగ్ అనే చేపల శాస్త్రజ్ఞుడు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున పనిచేసేవాడు. గుడ్డు తల్లిని తెచ్చి తొట్టిలో పెడితే గుడ్లు చక్కగా పొదిగేవి. పిల్లలు నాలుగైదు రోజులు బతికి చచ్చేవి. తిండి మార్చాడు, నీళ్లు మార్చాడు, చచ్చేవి. చివరికి విసిగి వంటింటి అలమరలో ఏది దొరికితే అది నీళ్లలో వేసి చూశాడనీ, వాటిలో సోయా సాస్ కూడా ఉందనీ హేచరీల్లో చెప్పుకుంటారు. ఆ సాస్‌లో ఉన్నది ఉప్పే కదా. నిజం ఎంతో, కథ ఎంతో గానీ, తేలింది మాత్రం ఇది: మంచినీటి రొయ్య పేరుకే మంచినీటిది, పసితనంలో దానికి ఉప్పునీళ్లు కావాలి. సముద్రమంత ఉప్పు కాదు, మూడో వంతు. మేం హేచరీలో ఒక చెంబు సముద్రానికి రెండు చెంబుల బోరునీళ్లు అని లెక్క చెప్పుకునేవాళ్లం, ఆ కలపటంతో ఉప్పు పన్నెండు పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో పన్నెండు, దగ్గరికి వస్తుంది.

లింగ్‌కి వేడి గొడవ ఎందుకు రాలేదని నేను చాలా రాత్రిళ్లు ఆలోచించాను, ఆ వేళప్పుడు ఆలోచించడానికి వేరే పనేం ఉండదు కనక. జవాబు భూగోళం పుస్తకంలో ఉంది. పెనాంగ్ భూమధ్యరేఖకి ఐదు డిగ్రీల ఎడంలో ఉంది. అక్కడ జనవరికీ మే నెలకీ తేడా తెలియదు. నీలకంఠం పిల్లకి ఎంత వేడి కావాలో అంత వేడి అక్కడ ఏడాది పొడుగునా ఉచితం. ఆయనకి తెలియకుండానే సగం పరీక్ష ప్రకృతే పాసు చేసి పెట్టింది, మిగిలిన సగం ఉప్పు.

1965లో తల్లి రొయ్యలు మలేషియా నుంచి హవాయి చేరాయి. అక్కడ తకుజీ ఫుజిమురా అనే ఆయన ఆ పిల్లల్ని తొట్టెల్లోంచి పెద్ద ట్యాంకుల్లోకి తెచ్చాడు. 1972కల్లా లక్షల లెక్కన సీడ్, అంటే చెరువుల్లో వదిలే పిల్లని, తీసే పద్ధతి ఆయన బృందం చేతిలో ఉంది. నీళ్లలో పచ్చటి నాచు పెంచి ఆ పచ్చనీళ్లలోనే పిల్లల్ని ఉంచడం ఆయన పద్ధతి. హవాయి ఇరవై ఒకటో అక్షాంశం మీద ఉంది. అక్కడ చలికాలపు రాత్రులు చల్లగా ఉంటాయి. ఈలోగా 1969లో టోక్యోలో ఉనో, క్వాన్ అనే ఇద్దరు పిల్ల రొయ్య పెరుగుదలని దశలుగా విడదీశారు. మొత్తం పదకొండు దశలు. ఒక దశ నుంచి ఇంకో దశకి పోవాలంటే పిల్ల పొర విడవాలి. పొర ఎప్పుడు విడవాలో దాని కడుపుతో పాటు నీళ్ల వేడి కూడా నిర్ణయిస్తుంది.

థాయిలాండ్ కథ ఒక్క మాటలో చెప్పి పోతాను. అక్కడి రైతులు సముద్రానికి దూరంగా, పెరట్లోనే హేచరీలు పెట్టి, ఉప్పుమడుల నుంచి చిక్కటి ఉప్పునీళ్లు లారీల్లో తెప్పించుకుని కలుపుకునేవాళ్లు. ఉప్పుని లారీలో తేవచ్చని వాళ్లు చూపించారు. వేడిని తేలేం. అక్కడి పనిలోంచే 1982లో మైకేల్ న్యూ, మరొకరితో కలిసి రాసిన చేతిపుస్తకం ఆహార వ్యవసాయ సంస్థ తరఫున అచ్చయింది. జిరాక్స్ కాపీగా, కాఫీ మరకలతో, మా హేచరీ గోడమేకుకి అదే వేలాడేది. 2002లో కొత్త కూర్పు వచ్చింది. పిల్లకి కావాల్సింది 28 నుంచి 31 డిగ్రీలు. 24-26 కిందికి దిగితే పెరగదు, 33 దాటితే చస్తుంది. ఒక్క డిగ్రీ అయినా ఉన్నట్టుండి మారితే దెబ్బ. మా కొత్త కుర్రాళ్లతో మొదటిరోజే ఈ మూడు ముక్కలూ బట్టీ పట్టించేవాణ్ని.

నేను నెల్లూరు ఎలా చేరానంటే, తెల్లమచ్చ వైరస్ తరిమితే. 1992 నుంచి కాకినాడ పక్కన టైగర్ రొయ్యల హేచరీలో ఉండేవాణ్ని. 1994, 95ల్లో ఆ వైరస్ చెరువులకి చెరువులే ఊడ్చేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. టైగర్ మీద పెట్టుబడి పెట్టినవాళ్లు తలలు పట్టుకున్నారు. అప్పుడు ఎక్కడ చూసినా స్కాంపి మాటే. దానికి ఉప్పు చెరువు అక్కర్లేదు, కాలవ నీళ్లు చాలు, తెల్లమచ్చ దాన్ని టైగర్‌ని చంపినట్టు చంపదు. నెల్లూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి, కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో కూడా నీలకంఠం వేశారు. 2005-06కి దేశం మొత్తం మీద స్కాంపి దిగుబడి నలభై వేల టన్నులు దాటింది, అందులో పెద్ద వాటా మనదే.

టైగర్ నుంచి వచ్చినవాడికి స్కాంపి హేచరీలో మొదట తగిలే ఇబ్బంది ఓపిక. టైగర్ పిల్ల పుట్టి పది పన్నెండు రోజుల్లో పీఎల్, అంటే పెద్ద రొయ్య రూపానికి వచ్చిన పిల్ల, అవుతుంది. నీలకంఠానికి అన్నీ కుదిరితే మొదటి పీఎల్ మూడు వారాల దగ్గర కనిపిస్తుంది, ట్యాంకు మొత్తం తేలడానికి ముప్పై, ముప్పై ఐదు రోజులు. అంటే చలికి దొరికే రాత్రులు మూడింతలు.

పైగా రైతుకి సీడ్ ఎప్పుడు కావాలి? సంక్రాంతికి చెరువు పట్టేసి, ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లు పెట్టి ఫిబ్రవరిలో పిల్ల వదలాలి. అలా వదిలితేనే మళ్లీ చలి ముదిరేలోపు పెద్ద సైజుకి వస్తుంది. రైతుకి ఫిబ్రవరిలో సీడ్ ఇవ్వాలంటే మేం డిసెంబరు చివర్లో గుడ్డు తల్లిని పెట్టాలి. గుడ్లు నారింజ నుంచి బూడిద రంగుకి తిరిగి పొదగడానికి 28 డిగ్రీల దగ్గర మూడు వారాలు. అవి పొదిగి పిల్లలు కావడం, ఏడాదిలోకెల్లా చల్లటి నెల రావడం ఒకేసారి. లింగ్‌కి పెనాంగ్‌లో ఎదురుకాని చిక్కు మాకు నెల్లూరులో ప్రతి ఏటా ముందే తారీఖు వేసుకుని వచ్చేది.

ఆ పిల్లని దగ్గరగా చూస్తే గానీ ఈ బాధ అర్థం కాదు. గాజు బీకరులో ట్యాంకు నీళ్లు ముంచి, వెనక టార్చిలైటు పెట్టి చూడాలి. పిల్ల వెల్లకిలా ఈదుతుంది. పొట్ట పైకి, వీపు కిందికి, తోక ముందు, తల వెనక. పీఎల్ అయ్యేదాకా దానిది తలకిందుల బతుకే. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒంట్లో ఎర్రగోధుమ రంగు చుక్కలుంటాయి, వెలుతురు వైపు ఎగబడుతుంది. కడుపు నిండిందో లేదో పారదర్శకమైన ఒంటిలోంచి కనబడుతుంది: ఆర్టీమియా అనే చిట్టి ఉప్పునీటి జీవిని తింటే పేగు నారింజ గీతలా, కస్టర్డ్ తింటే పసుపు గీతలా. కస్టర్డ్ అంటే పెళ్లి విందులో పోసేది కాదు. కోడిగుడ్డు, పాలపొడి, రొయ్య మాంసం కలిపి ఆవిరి మీద ఉడికించి, జల్లెడలో రుద్ది తీసిన రవ్వ. చలి తగిలిన పిల్ల నీలిగా అవుతుంది. గీత మాయమవుతుంది. వెలుతురు చూపించినా రాదు.

1998 డిసెంబరు, నెలాఖరు. నాలుగు ట్యాంకుల్లో పిల్లలు ఆరో దశ, ఏడో దశలో ఉన్నాయి. రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది. జనరేటరు బ్లోయర్లని మోస్తుంది గానీ హీటర్లని మోయలేదు, రెండూ పెడితే ఆగిపోతుంది. గాలి ఆగితే అరగంటలో అన్నీ పోతాయి కాబట్టి గాలికే ఓటు వేశాను. అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. బయటి చల్లగాలిని లాగి బుడగలుగా నీళ్లలోకి కొట్టే బ్లోయరు కూడా నీళ్లని చల్లారుస్తుంది, ఆవిరి లేపి వేడి ఎత్తుకుపోతుంది. ఊపిరి పోస్తూనే చలి పోస్తుంది. షెడ్డు తలుపులు వాచ్‌మన్ కోసం బార్లా తీసి ఉన్నాయి.

మా దగ్గర పనిచేసే అబ్బాయి, తీరం ఊరివాడు, మూడింటప్పుడు లేపాడు. నేను కుర్చీలోనే కునికాను. “అన్నా, మూడో ట్యాంకు నీళ్లు సల్లబడిపోయినాయి, చెయ్యి పెట్టి చూడు.” చెయ్యి పెట్టక్కర్లేకపోయింది. బ్లోయర్ల హోరులో కూడా తెలిసింది, నీళ్ల మీద వాసన మారింది. అడుగున కస్టర్డ్ రవ్వ తినకుండా పేరుకుంది. థర్మామీటరు చూశాను. పది గంటలకి 29 ఉన్నది. ఇప్పుడు చూసిన అంకె నేను నోటుబుక్కులో వెయ్యలేదు. ఆ నాలుగింటి గడి ఖాళీ. పొద్దున యజమాని వచ్చి అడిగితే రాసే తీరిక లేదన్నాను. తీరిక ఉంది. రాస్తే నా చేతిరాతలో ఉండిపోతుందని రాయలేదు. ఇరవై నాలుగున్నర.

చలికి ఆ రాత్రే పిల్లలు చచ్చిపోతే నయం అనిపిస్తుంది ఈ వృత్తిలో, ట్యాంకు కడిగి మళ్లీ మొదలుపెట్టొచ్చు. అలా జరగదు. చావవు, ఆగిపోతాయి. పొర విడవాల్సిన రోజుకి విడవవు. తిండి మానేస్తాయి. తినని తిండి అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. మామూలుగా పిల్ల మూడు నాలుగు రోజులకోసారి పొర విడుస్తూ ఒంటికి పట్టిన పురుగునీ బూజునీ పాత చొక్కాతో పాటు వదిలించుకుంటుంది. పొర విడవడం ఆలస్యమైతే జూథామ్నియమ్ లాంటి సూక్ష్మజీవులు కాళ్ల మీదా మొప్పల మీదా దూదిలా పట్టేస్తాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే పిల్లకి ముసలివాళ్ల గడ్డం మొలిచినట్టుంటుంది. వారానికి ఒకే ట్యాంకులో ఐదో దశ పిల్లా తొమ్మిదో దశ పిల్లా కలిసి ఉంటాయి, పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. ఒక్క రాత్రి చలికి ఆ బ్యాచ్ నలభై ఆరు రోజులు సాగింది. చేతికొచ్చిన సీడ్ ఎంతో చెప్పను. ఆ నెల నా జీతంలో కోత పడిందని మాత్రం చెబుతాను, న్యాయమే.

ఆ తర్వాతే నేను లెక్క వేయడం నేర్చుకున్నాను. పది టన్నుల ట్యాంకులో నీళ్లు ఒక్క డిగ్రీ పెరగాలంటే దాదాపు పదకొండున్నర యూనిట్ల కరెంటు. నాలుగున్నర డిగ్రీలు, నాలుగు ట్యాంకులు. మీరే గుణించుకోండి. పోయిన వేడిని కొనుక్కోవడం కంటే ఉన్న వేడిని పోనివ్వకుండా చూసుకోవడం చవక. మా అమ్మ పెరుగు తోడేసి గిన్నె మీద గోనెపట్టా కప్పే లెక్కే. ట్యాంకుల మీద పాలిథిన్ మూతలు కుట్టించాం. గోడలకి వరిగడ్డి మోపులు ఆనించాం, చూసినవాళ్లు పశువుల పాకనుకున్నారు. బ్లోయరు గాలి లాగే గొట్టాన్ని బయటి నుంచి తీసి షెడ్డు లోపలికి తిప్పాం. నీళ్లు మార్చే రోజు కొత్తనీళ్లని ముందే వేరే ట్యాంకులో ట్యాంకు నీళ్ల వేడికి తెచ్చి అప్పుడు వదలడం ఖచ్చితం చేశాను. అంతకుముందు ఇరవై ఐదు డిగ్రీల నీళ్లు ముప్పై డిగ్రీల ట్యాంకులోకి తిన్నగా పెట్టేవాళ్లం, పొద్దున్నకి కొన్ని పిల్లలు అడుగున తెల్లగా పడుంటే “ఈ బ్యాచ్ బలహీనం” అనుకునేవాళ్లం. ఎన్ని బ్యాచ్‌లని అలా అన్యాయంగా తిట్టామో!

వేడి మరీ ఎక్కువైనా తంటానే. కొత్తల్లో నాకు వేడి పెంచితే పని తొందరగా అవుతుందన్న దురాశ ఉండేది. ముప్పై రెండుకి ఎక్కిస్తే పిల్లలు చకచకా పొర విడుస్తాయి, ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. అదే వేడిలో బాక్టీరియా కూడా చకచకా పెరుగుతుంది, నీళ్లలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, అమ్మోనియాలో విషపు పాలు ఎక్కువవుతుంది. 2003 మే నెల వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఆ నెలలో మా షెడ్డు రేకుల కింద మధ్యాహ్నం రెండింటి గడిలో 34 రాశాను. ఆ పేజీల్లో రాతలు తక్కువ, కొట్టివేతలు ఎక్కువ. చలికాలం కుట్టించిన మూతలే తీసి, తడిపిన గోనెపట్టాలు రేకుల మీద పరిచాం. ఏం లాభం లేకపోయింది. అప్పటి నుంచి ఏప్రిల్ చివర పని ఆపేసేవాళ్లం. యజమానికి ఒప్పుకోబుద్ధి కాకపోయినా ఒప్పుకున్నాడు.

ట్యాంకులో పీఎల్ తేలిన రోజు చూడాలి. నిన్నటిదాకా వెల్లకిలా తిరిగిన పిల్ల తిరగబడి, పెద్ద రొయ్యలా వీపు పైకి పెట్టి, గోడ పట్టుకుని నడుస్తుంది. తర్వాత నాలుగైదు రోజులు ఉప్పు తగ్గిస్తూ మంచినీళ్లకి అలవాటు చేస్తాం. ప్యాకింగ్ రోజున ఇన్నాళ్లు కాచిన సూత్రాన్నే తలకిందులు చేస్తాం. నెమ్మదిగా చల్లబరుస్తాం, చల్లబడ్డ పిల్ల మత్తుగా ఉండి ఆక్సిజన్ తక్కువ తాగుతుంది, సంచిలో ఒకదాన్నొకటి కొరుక్కోదు. ఆక్సిజన్ నింపిన సంచుల్ని థర్మాకోల్ పెట్టెల్లో సర్ది, పక్కన ఐసు పొట్లాలు పెట్టి, సాయంత్రం బండి ఎక్కిస్తే తెల్లారేసరికి కైకలూరు.

ఒకసారి బండితో నేనూ వెళ్లాను. రైతు పెద్దాయన, చెరువు గట్టు మీద కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, సంచి మూతి విప్పి పొయ్యబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. “బాబాయ్ గారూ, పావుగంట ఆగండి.” సంచిని సంచిలాగే నీళ్లలో తేలించి, లోపలి వేడీ బయటి వేడీ కలిసేదాకా గట్టు మీద కూచుందామన్నాను. ఆయనకి కోపం వచ్చింది. “ముహూర్తం దాటిపోతందయ్యా!” అని గొణిగాడు. కూర్చోబెట్టాను. పావుగంటలో ఆయన కొల్లేరు సంగతులు చాలా చెప్పాడు, మధ్యలో ఒకసారి లేచి సంచిలో వేలు పెట్టి, చెరువులో వేలు పెట్టి, “అయిందా?” అన్నాడు. “ఇంకాస్త.” ఆ తర్వాత ఆయన మా దగ్గర సీడ్ కొన్నన్నాళ్లూ, ముహూర్తం పావుగంట ముందుకి పెట్టించుకునేవాడట. పంతులు గారితో ఎలా ఒప్పించాడో.

నీలకంఠానికి వచ్చిన చేటు చలి వల్ల కాదు. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మొదట బయటపడ్డ తెల్లతోక జబ్బు మన దగ్గరికీ వచ్చింది. నోడా వైరస్. పీఎల్ తోక కండ పాలలా తెల్లబడి, రెండు మూడు రోజుల్లో ట్యాంకంతా పోయేది. వేడి సరిచూడటానికి అలవాటుపడ్డ కళ్లతో మొదటి బ్యాచ్ చూసి, నీళ్ల దెబ్బే అనుకున్నాను. రెండో బ్యాచ్ 29 డిగ్రీల దగ్గర రాయిలా నిలిపినా పోయింది. అప్పుడర్థమైంది ఇది నా థర్మామీటరుకి అందే వ్యవహారం కాదని. దానికి తోడు, గోదారి తల్లిని వదిలి చెరువుల్లో పెరిగిన తల్లుల్నే ఏళ్ల తరబడి వాడటంతో పిల్ల గిడసబారిపోయింది. 2009లో వనామి అనే విదేశీ రొయ్యకి అనుమతి రాగానే రైతులంతా అటు మళ్లారు. మా హేచరీ అంతకు ముందు ఏడాదే మూతపడింది. మూతపడిన రోజు నోటుబుక్కులు చెత్తలో వేస్తుంటే నేను తెచ్చుకున్నాను.

ఇప్పుడు మళ్లీ అక్కడక్కడా నీలకంఠం మాట వినబడుతోంది. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశా తల్లుల్ని కలిపి తరతరాలుగా ఏరి, త్వరగా ఎదిగే రకాన్ని తీసింది, 2020లో దానికి సిఫా-జిఐ స్కాంపి అని పేరు పెట్టారు. మా తమ్ముడి వియ్యంకుడి కొడుకు ఒకడు అలాంటి సీడ్ తీసే చిన్న హేచరీలో చేరాడు. వాడి ట్యాంకులకి డిజిటల్ మీటర్లు, వేడి తగ్గితే వాటంతటవే వెలిగే హీటర్లు ఉన్నాయి. అయినా జనవరిలో రోజూ తెల్లవారుజామున నాలుగింటికి వాట్సాప్‌లో మీటరు ఫొటో పెడతాడు. నాకు ఎలాగూ ఆ వేళకి మెలకువ వచ్చేస్తుంది, పాత అలవాటు.

మొన్న 27.1 చూపిస్తున్న ఫొటో వచ్చింది. మూత వేశావా అని పెట్టాను.

“వేశాను పెదనాన్నా. కరెంటు రావట్లేదు, జనరేటరు మీద ఉంది. బ్లోయరు కొంచెం తగ్గించనా?”

తగ్గించొద్దు, షెడ్డు తలుపు ముయ్యి, గొట్టం లోపలి గాలే లాగుతోందో లేదో వెళ్లి చూడు అని పెట్టాను. కాసేపటికి రెండో ఫొటో వచ్చింది. మీటరుది కాదు, తలుపుది. వాచ్‌మన్ బయటికి వెళ్తూ బార్లా తీసి వదిలేశాడు.